నవంబరు లేని సముద్రం: ‘యూరోపా యూనివర్సాలిస్ 4’లో ఓడల మీద బతికే రాజ్యంగా ఆడితే

ఇది నాలుగు రోజులు ఆడి రాస్తున్న సమీక్ష కాదు. 2017 డిసెంబరులో డిస్కౌంటు పెట్టినప్పుడు కొన్నాను. ఆటలు అమ్మే స్టీమ్ లెక్క ప్రకారం ఇప్పటికి 1,900 గంటలు దాటాయి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాను. రాత్రి భోజనాలయ్యాక ఆట. మా ఇంట్లో దీని పేరు ‘ఆ మ్యాపు’. “మళ్లీ ఆ మ్యాపు పెట్టేశాడు” అంటారు. పక్కనుంచి చూసేవాళ్లకు అంతే మరి, రంగురంగుల మ్యాపు, దాని చుట్టూ అంకెలు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2013లో వచ్చిన కంప్యూటర్ ఆట. 1444 నవంబరు 11న మొదలై 1821 దాకా నడుస్తుంది. ప్రపంచంలో ఏ రాజ్యాన్నైనా ఎంచుకుని పన్నులు, పొత్తులు, పెళ్లిళ్లు, మతం, యుద్ధం అన్నీ మనమే చూసుకోవాలి. వాటన్నిటి గురించీ ఇక్కడ రాయను. ఓడలను నమ్ముకున్న దేశంగా ఆడితే ఎలా ఉంటుందన్నదే నా విషయం.

మొదట ఊరి మీద మమకారంతో ఒరిస్సా గజపతులతో మొదలుపెట్టాను. 1444లో కపిలేంద్ర దేవుడి రాజ్యం, మన కళింగ తీరం ఆ రంగులోనే ఉంటుంది. సరదాగా ఉంది కానీ ఓడల పాఠం రాలేదు. చుట్టూ భూమి మీదే శత్రువులు, ఓడలకు డబ్బు ఎక్కడ మిగులుతుంది? అసలు పాఠం ఇంగ్లండ్ తీసుకున్నాక మొదలైంది.

ఇంగ్లండ్ రాజు ఆరో హెన్రీకి ఈ ఆటలో పాలన, దౌత్యం, యుద్ధం మూడింటిలోనూ సున్నాలే. అలాంటి రాజును పెట్టుకుని ఫ్రాన్సులో నార్మండీ నిలబెట్టుకుందామని బయల్దేరాను. 14 కాగ్ ఓడల్లో 14 రెజిమెంట్లు ఎక్కించాను. ఒక రవాణా ఓడకు ఒక రెజిమెంటు, అంటే వెయ్యి మంది. మొత్తం 14,000. యుద్ధనౌకలేమో రేవులో కూర్చున్నాయి, ఖర్చు తగ్గుతుందని నేనే కూర్చోబెట్టాను. ఇంగ్లిష్ ఛానల్ మధ్యలో ఫ్రెంచి పెద్ద ఓడలు ఎదురొచ్చాయి. తెర మీద చిన్న పెట్టె తెరుచుకుంది, మన ఓడల పచ్చగీత తగ్గుతూ తగ్గుతూ ఒక్కోటీ మాయమైంది. ఓడతోపాటు లోపలున్న సైన్యమూ పోతుందని నాకు ఆ రోజు దాకా తెలియదు. కత్తి దూయకుండా 14,000 మంది నీళ్లలో కలిశారు. పోయిన జనం మళ్లీ పోగవడానికి ఆటలో ఏళ్లు పడుతుంది. ఈలోగా ఫ్రాన్సులో మిగిలిన ఊళ్లూ పోయాయి. ఆ రాత్రి లాప్‌టాప్ మూసేసి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

తర్వాత రెండు మూడేళ్లకు గానీ పట్టు దొరకలేదు. దొరికాక మాత్రం ఆశ్చర్యం వేసింది. ఓడల రాజ్యం అంటే సముద్రంలో భీకర పోరాటాలు ఉంటాయనుకుంటాం. నిజానికి అవి చాలా తక్కువ. ఛానల్లో మన పెద్ద ఓడలు శత్రువు కంటే ఎక్కువ ఉన్నాయనుకోండి, కంప్యూటరు తన ఓడలను రేవులో దాచేసుకుంటుంది, బయటికి రానే రాదు. ఫ్రాన్సుకు నా సైన్యానికి మూడింతలు ఉన్నా ఈ ఒడ్డుకు ఒక్కడూ రాలేడు. యుద్ధం జరగకుండానే యుద్ధం గెలుస్తున్నట్టు లెక్క. మా ఆఫీసులో ఆడిటర్ వస్తున్నాడంటే చాలు, ముందురోజే వోచర్లన్నీ సర్దుకుంటాయి. ఆయన వచ్చి చేసేదేమీ ఉండదు. ఇదీ అంతే.

దాక్కున్న ఓడలను బయటికి లాగే కిటుకు ఒకటుంది. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైనది అదే. రేవు ఉన్న ఊరిని భూమి వైపు నుంచి ముట్టడించి పట్టుకుంటే లోపలున్న ఓడలు అక్కడ ఉండలేవు, సముద్రంలోకి నెట్టేస్తుంది. బయట మన ఓడలు కాచుకుని ఉండాలి. ఒకసారి ఫ్రాన్సు పడమటి తీరంలోని బ్రిటనీలో ఇలా కోట ముట్టడి 11 నెలలు సాగింది. రోజూ స్పేస్ బార్ నొక్కి ఆపడం, శాతం ఎంత పెరిగిందో చూడటం, మళ్లీ వదలడం. చివరికి కోట పడింది, ఓడలు బయటికొచ్చాయి, రెండు వారాల్లో ఫ్రెంచి నౌకాదళం లేదు. ఆ తర్వాత 40 ఏళ్లు నా తీరం వైపు చూసినవాడు లేడు.

డబ్బు సంగతికి వస్తే, ఓడల రాజ్యానికి అన్నం పెట్టేవి తేలిక ఓడలు. బార్క్, కారవెల్, తర్వాత ఫ్రిగేట్. వీటిని ఒక వాణిజ్య కేంద్రానికి కాపలా పంపితే అక్కడి వ్యాపారంలో మన వాటా పెరుగుతుంది. పెద్ద ఓడలు కొట్లాటకి, తేలిక ఓడలు సంపాదనకి. గాలీలు, అంటే తెడ్ల ఓడలు, మధ్యధరా, బాల్టిక్ లాంటి లోపలి సముద్రాల్లోనే పనికొస్తాయి. వాటిని అట్లాంటిక్‌కు తీసుకెళ్లడం చెరువు తెప్పను కడలికి దించడమే. నౌకాదళ నిర్వహణకు ఒక స్లైడర్ ఉంటుంది. శాంతికాలంలో తగ్గించుకుంటే నెలనెలా డబ్బు మిగులుతుంది, కానీ నావికుల మనోబలమూ దిగిపోతుంది. యుద్ధం ప్రకటించడానికి కొన్ని నెలల ముందే పైకి జరపాలి. నాలాంటి లెక్కల మనిషి కూడా ఇది మూడుసార్లు మర్చిపోయాడు. మూడుసార్లూ ఓడలు ఎదురు నిలిచినట్టే నిలిచి వెనక్కి పరుగెత్తాయి.

నచ్చనిది ఒకటుంది. ఈ ఆటలో వ్యాపారం నదిలాంటిది, ఒకే వైపు పారుతుంది. కోరమాండల్, అంటే మన ఆగ్నేయ తీరం, సరుకు చేతులు మారుతూ పడమటికి పోవాల్సిందే. చివర నిలిచేది ఇంగ్లిష్ ఛానల్, జెనోవా, వెనిస్ కేంద్రాల్లో. గజపతిగా ఆడి ప్రపంచంలో సగం సముద్రం మనదైనా లండన్ డబ్బును కళింగపట్నానికి మళ్లించలేం. యూరపువాడు గెలిచిన చరిత్రను ముందే కాలువ తవ్వి పెట్టేశారన్నమాట.

ఇక మా మావయ్య సంగతి చెప్పాలి. కళింగపట్నం అవతల మత్స్యకారుల ఊరు ఆయనది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, ఆ రోజుల్లో మా ఇంటికి వచ్చి వారం పది రోజులు ఉంటాడు. నాలుగేళ్ల కిందట ఒక రాత్రి నా వెనక కుర్చీలో కూర్చుని మ్యాపు చూస్తున్నాడు. బంగాళాఖాతంలో నావి 30 ఓడలు.

“ఏట్రా ఇవి, మరబోట్లా?”

“కాదు మావయ్యా, తెరచాప ఓడలు. నావే.”

“పైన రాసిందేటి?”

“తేదీ. నవంబరు 1640.”

కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “నవంబర్ల ఇక్కడ ఒగ్గీసినావేట్రా వీట్ని? దాపేదీ? గాలొస్తే ఎక్కడ దూరతాయి?”

ఏమీ కాదు మావయ్యా, ఇందులో తుఫాను రాదు అన్నాను. నమ్మలేదు. రాత్రంతా నాకు ఆ మాటే తిరిగింది. ఎందుకంటే ఆయన అన్నది నిజం. ఈ ఆటలో భూమి మీద వానాకాలం ఉంది, వర్షాల్లో నడిచే సైన్యానికి జనం పోతారు. సముద్రం మీద మాత్రం జూన్ అయినా నవంబరైనా ఒకటే. మన రేవులకు దూరంగా ఉంటే ఓడ అరుగుతుంది, దగ్గరుంటే అరగదు, అంతవరకే లెక్క. 2014లో హుద్‌హుద్, 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ అక్టోబరులోనే. తిత్లీ తర్వాత వారం రోజులు కరెంటు లేక ఈ ఆటే ఆడలేకపోయిన మనిషికి, ఆటలో అక్టోబరు లేదన్న సంగతి అప్పటిదాకా తట్టలేదు!

ఇది చిన్న లోపం కాదని తర్వాత చదివితే తెలిసింది. మన జిల్లాల చరిత్రే దానికి సాక్ష్యం. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం నాటికి ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్నాయి, వాళ్ల సేనాని బుస్సీ మాటే శాసనం. రెండేళ్లు తిరక్కుండా అంతా తలకిందులైంది. 1758 డిసెంబరులో విజయనగరం ఆనంద గజపతిరాజు, ఇంగ్లిషు కల్నల్ ఫోర్డ్ కలిసి చందుర్తి దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని ఓడించారు. ఫోర్డ్ అక్కణ్ణుంచి మచిలీపట్నం మీదికి పోయి 1759 ఏప్రిల్‌లో కోట పట్టుకున్నాడు. కోటకు సాయంగా ఫ్రెంచి ఓడలు వచ్చాయి, కోట పడిన కొద్ది రోజులకి. అసలు వాళ్ల నౌకాదళం ఏమైంది? అడ్మిరల్ దాషే 1758లో ఇంగ్లిషు పోకాక్‌తో కడలూరు దగ్గర, నాగపట్నం దగ్గర రెండుసార్లు తలపడి, సెప్టెంబరులోనే మారిషస్ వైపు వెళ్లిపోయాడు. పోకాక్ కూడా ఈ తీరంలో ఉండలేదు, బొంబాయి చేరుకున్నాడు. ఈశాన్య గాలులు మొదలయ్యాక కోరమాండల్ తీరంలో పెద్ద ఓడలకు దాపు లేదు. అందుకే అక్టోబరు నడిమికల్లా అడ్మిరళ్లు లంగరు ఎత్తేసేవాళ్లు. మావయ్య అడిగిన ప్రశ్నే 260 ఏళ్ల కిందట వాళ్లూ వేసుకున్నారు.

ఫ్రాన్సుగా ఆడినప్పుడు నాకు ఇది చేతికి తగిలింది. కోరమాండల్‌లో నాలుగు ఊళ్లు పట్టుకున్నాను, సైన్యం బాగుంది, కోటలు బాగున్నాయి. బ్రిటన్‌తో యుద్ధం రాగానే వాళ్ల ఓడలు రేవులన్నీ దిగ్బంధం చేశాయి. వ్యాపారం పడిపోయింది, ప్రజల్లో యుద్ధ విసుగు పెరిగింది, ఇంటి నుంచి ఒక్క రెజిమెంటు పంపలేకపోయాను. చందుర్తి ఎలా జరిగిందో పుస్తకం కంటే ఆ సాయంత్రమే బాగా అర్థమైంది. దిగ్బంధం ఎలా పిండుతుందన్నది ఇంత బాగా చూపించే ఆట మరొకటి నాకు తారసపడలేదు. కాకపోతే అక్టోబరు రాగానే ఆ ఓడలు వెళ్లిపోయి ఉంటే నాకు మూడు నెలలు ఊపిరి దొరికేది. ఆటలో దొరకలేదు.

మిగతావి గబగబా. నౌకాదళం కిటికీలు గజిబిజి. దళాలను విడగొట్టడం, మరమ్మతుకి పంపడం, మళ్లీ కలపడం చేతి పనే, యుద్ధం మధ్యలో టెన్షన్ పెడుతుంది. 1700 దాటాక నా పాత లాప్‌టాప్‌లో ఒక్కో నెల గడవడానికి టీ చల్లారేంత సేపు. అదనపు ప్యాకులు చాలా ఉన్నాయి, అన్నీ కొనక్కర్లేదు. ఓడల కోసమే అయితే ‘మారే నోస్ట్రమ్’, ‘రూల్ బ్రిటానియా’ చాలు, అవీ డిస్కౌంటులోనే. 2025 నవంబరులో ఐదో భాగం వచ్చింది గానీ నా లాప్‌టాప్‌కు అంత శక్తి లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పోర్చుగల్ తీసుకోండి. ఆరంభంలోనే ఇంగ్లండ్‌తో పొత్తు ఉంటుంది, చేసిన తప్పులకు శిక్ష ఆలస్యంగా పడుతుంది. సైన్యం ఎక్కించే ముందు యుద్ధనౌకలు దారిలో ఉన్నాయో లేదో చూసుకోండి. దిగిన వెంటనే శత్రువు ఎదురుంటే పోరులో ఆట మన తరఫున వేసే పాచికల్లో రెండు తగ్గుతాయి, కాబట్టి ఖాళీ తీరం చూసి దించండి.

నేనైతే ఇప్పుడు సొంతంగా ఒక నియమం పెట్టుకున్నాను. బంగాళాఖాతంలో ఎవరిగా ఆడినా అక్టోబరు 15కి ఓడలన్నీ తీసేస్తాను, జనవరిలో గానీ మళ్లీ దించను. ఏటా మూడు నెలల వ్యాపారం పోతోంది, లెక్క రాసి పెట్టుకుంటున్నాను కూడా. మొన్న మేలో మావయ్య వచ్చినప్పుడు చూపించాను. తేదీ చదివించుకుని, ఖాళీ నీళ్లను కాసేపు చూసి, “మరి వలలూ తీసీసినావా?” అన్నాడు.