కాలిఫోర్నియా ఓటరు గైడు: కోర్టుల ప్రతిపాదనైతే వెనకనుంచి చదవండి

రాష్ట్రవ్యాప్త ఎన్నికల ముందు కాలిఫోర్నియా సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయం ఉచితంగా పంపే ఓటరు గైడు పన్నులు, బాండ్ల ప్రతిపాదనలకు బాగానే పనికొస్తుంది. కోర్టుల అధికార పరిధి మార్చే ప్రతిపాదనను మాత్రం ముందు పేజీల నుంచి చదివితే అసలు సంగతి జారిపోతుంది.

కౌంటీల్లోని రెండు రకాల కోర్టులను ఒకటి చేసే వీలు కల్పిస్తూ 1998 జూన్ 2న ఓటుకొచ్చిన ప్రొపొజిషన్ 220నే చూడండి. అప్పట్లో 25,000 డాలర్ల లోపు సివిల్ దావాలు, చిన్న నేరాలు మునిసిపల్ కోర్టువి. పెద్దవి సుపీరియర్ కోర్టువి. ఓటర్లు ‘సరే’ అన్నా ఈ రెండూ వాటంతటవి కలవవు. ఒక కౌంటీలో కలవాలంటే ఆ కౌంటీ సుపీరియర్ జడ్జీల్లో మెజారిటీ, మునిసిపల్ జడ్జీల్లో మెజారిటీ, రెండూ ఒప్పుకోవాలి. ప్రతిపాదన నెగ్గింది, 58 కౌంటీలూ కలిసేసరికి 2001 వచ్చింది.

ఇలాంటి మెలిక అటార్నీ జనరల్ రాసే 100 పదాల సారాంశంలో ఒక్క ముక్కలో దాటిపోతుంది. అందుకే ముందు చివరి పేజీల్లోని చట్ట పాఠం తీయండి. కొట్టివేత గీత ఉన్నవి పోయే మాటలు, వాలు అక్షరాలు కొత్తవి. నిర్ణయం ఎవరి చేతిలో పెట్టారో అక్కడ తేలుతుంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేసుకోకండి: గీతలూ వాలూ రెండూ ఎగిరిపోయి, తీసేసిన వాక్యం బతికున్నట్టే కనిపిస్తుంది.

తర్వాత లెజిస్లేటివ్ అనలిస్ట్ (శాసనసభకు పక్షపాతం లేని సలహాలిచ్చే కార్యాలయం) విశ్లేషణ. ఇప్పుడు ఏ కేసు ఎక్కడికెళ్తుందో చెప్పే నేపథ్య భాగమే గైడు మొత్తంలో విలువైనది. అనుకూల, ప్రతికూల వాదనలు ఆఖర్న చాలు. వాటి నిజానిజాలు ఏ ప్రభుత్వ సంస్థా సరిచూడలేదని ఆ పేజీ కిందే అచ్చేస్తారు!

ఇక అసలు లోటు. డాలర్ల పరిమితులు రాష్ట్ర రాజ్యాంగంలో ఉండవు, మామూలు చట్టంలో ఉంటాయి. చిన్న సివిల్ దావాల పరిమితి 25,000 కాస్తా 2024 జనవరి 1 నుంచి 35,000 అయింది, ఇంకా చిన్న మొత్తాల తగాదాలు తేల్చే స్మాల్ క్లెయిమ్స్‌లో వ్యక్తులకు 10,000 పోయి 12,500 వచ్చింది. రెండింటికీ ఓటు అక్కర్లేకపోయింది, కాబట్టి గైడులో వెతికినా దొరకవు. కోర్టుల సెల్ఫ్ హెల్ప్ వెబ్‌సైటు పక్కన తెరిచి పెట్టుకోవాల్సిందే.

హిందీలో గైడు ఉంది, తెలుగులో లేదు. కౌంటీ, నగర ప్రతిపాదనలు కూడా ఇందులో రావు. వాటికి కౌంటీ ఎన్నికల కార్యాలయం పంపే పుస్తకం చూడాలి.