కర్నూల్లో ఒక బ్లడ్ బ్యాంకు: నన్నూ ఏమీ అడగలేదు, అక్కనూ ఏమీ అడగలేదు

బ్లడ్ బ్యాంకు పేరు రాయట్లేదు. నేను చెప్పబోయేది ఆ ఒక్క చోటే జరుగుతుందని నాకనిపించడం లేదు. కర్నూల్లో ఆస్పత్రుల మధ్య ఉన్న ఒక ప్రైవేటు బ్లడ్ బ్యాంకు అనుకోండి, చాలు.

మా పిన్నికి గర్భసంచి ఆపరేషన్. రెండు బ్యాగుల రక్తం రెడీగా పెట్టుకోమని డాక్టరు చెప్పారు, బ్యాగుకొక డోనర్‌ను తెచ్చుకోమని బ్లడ్ బ్యాంకు వాళ్ళు చెప్పారు. ఇలా బంధువుల మీద భారం వేసే పద్ధతి క్రమంగా పోవాలని 2002 జాతీయ రక్త విధానంలోనే రాసుకున్నారు గానీ, ముఖ్యంగా ఎండాకాలంలో కాలేజీలు మూసి క్యాంపులు తగ్గినప్పుడు ఇప్పటికీ ఇదే నడుస్తోంది. నాతో పాటు మా వీధిలో టైలరింగ్ షాపు పెట్టుకున్న అక్క వచ్చింది. అక్క ట్రాన్స్ మహిళ. పిన్ని జాకెట్లన్నీ కుట్టేది ఆమే. విషయం తెలియగానే షాపుకు తాళం వేసి, "పదప్పా, నాది కూడా పిన్ని గ్రూపే" అని బండెక్కింది.

ముందు బాగున్నవి చెప్తాను, ఎందుకంటే నిజంగానే బాగున్నాయి. హాలు శుభ్రంగా ఉంది. వేలి చివర గుచ్చి తీసిన చుక్కను నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో వేసి చూపించారు. చుక్క తేలకుండా నేరుగా కిందికి దిగితే హిమోగ్లోబిన్ 12.5కు తగ్గలేదని అర్థమట. నాది గ్లాసు అడుగుదాకా దిగింది. బీపీ చూశారు, బరువు చూశారు (350 మి.లీ. ఇవ్వాలంటే కనీసం 45 కిలోలు ఉండాలి). కొత్త బ్యాగు నా ముందే కవరు చింపి తీశారు. సిస్టరు చేయి ఎంత తేలికంటే సూది దిగినట్టే తెలియలేదు. అయ్యాక వెంటనే లేవనివ్వలేదు, కాసేపు పడుకోబెట్టి జ్యూసు, బిస్కెట్లు ఇచ్చి, తల తిరుగుతోందా అని మళ్ళీ మళ్ళీ అడిగారు. రశీదులో పరీక్షలకు, ప్రాసెసింగ్‌కు మాత్రమే చార్జీ వేశారు. రక్తానికి ధర కట్టకూడదన్నది రూలు, దాన్ని పాటించారు.

ఇక ఫారం దగ్గరికి వద్దాం. నా రివ్యూ అసలు దీని గురించే.

డోనర్ ఫారంలో బోలెడు ప్రశ్నలుంటాయి. జాండిస్ వచ్చిందా, ఏడాదిలోపు టాటూ వేయించుకున్నారా, మలేరియా వచ్చి మూడు నెలలైనా అయిందా, సూదితో మత్తుమందు తీసుకున్నారా, ఒకరికంటే ఎక్కువ మందితో శారీరక సంబంధం ఉందా. రక్తం ఎక్కించుకునేవాళ్ళ ప్రాణం ఈ ప్రశ్నల మీదే ఆధారపడి ఉంటుంది. రిసెప్షన్లో కుర్రాడు నా ఫారం తీసుకుని, నా ముఖం కూడా చూడకుండా, అన్నిటికీ "లేదు" గడిలో వరసగా టిక్కులు పెట్టుకుంటూ పోయి, సంతకం చేయమన్నాడు. అన్నా, నేను చదువుకుంటాను ఇవ్వు అంటే, "ఏం కాదులే అన్నా, ఫార్మాలిటీ" అన్నాడు. నేను చదివి ఒక్కొక్కటి చూసుకునే సంతకం పెట్టాను. కానీ ఎంతమంది చదువుతారు?

తర్వాత అక్క ఫారం. పేరు, వయసు చదివాడు, తలెత్తి ఆమెను చూశాడు, పెన్ను పక్కన పెట్టేశాడు. అక్కడి నుంచే లోపలికి కేక: "మేడమ్, వీళ్ళది తీసుకుంటామా?" హాల్లో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. ఆమెను కూడా అతను ఒక్క ప్రశ్న అడగలేదు. టాటూ ఉందా, జబ్బులున్నాయా, భాగస్వామి ఉన్నారా, ఏదీ లేదు. అక్క చున్నీ సర్దుకుని నిలబడింది, ఏమీ అనలేదు.

లోపలి నుంచి వచ్చిన కౌన్సిలర్ మేడమ్ మాత్రం చాలా మర్యాదగా మాట్లాడారు. ఇద్దరినీ గదిలోకి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఫోన్లో గైడ్‌లైన్స్ తెరిచి చూపించారు. "రూలు అక్కా, నా చేతుల్లో లేదు" అన్నారు. ఆమె చెప్పింది నిజమే. జాతీయ రక్త మార్పిడి మండలి, న్యాకో (జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ) కలిసి 2017లో తెచ్చిన మార్గదర్శకాల్లో 12వ నిబంధన హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి రిస్క్ ఉన్నవాళ్ళు అంటూ ఒక జాబితా ఇస్తుంది, 51వ నిబంధన హెచ్ఐవీ రిస్క్ ఉన్నవాళ్ళను శాశ్వతంగా వద్దంటుంది. ఇంటికొచ్చాక ఆ జాబితా మళ్ళీ తీరిగ్గా చదివాను. సెక్స్ వర్క్ చేసేవాళ్ళు, మత్తు సూదులు వేసుకునేవాళ్ళు, పురుషులతో సంబంధమున్న పురుషులు, ఎక్కువ మంది భాగస్వాములున్నవాళ్ళు. ఇవన్నీ, ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, మనిషి చేసే పనుల గురించి. వీటితో పాటే ట్రాన్స్‌జెండర్ అన్న మాటా ఉంది, కానీ దాంట్లో ఏ పనీ లేదు. అక్క పొద్దున్నుంచి రాత్రిదాకా మిషన్ తొక్కి, ఒంటరిగా బతుకుతున్నా సరే, ఆ జాబితాలో ఉన్నట్టే.

దీనికి కేంద్రం చెప్పే కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయను. న్యాకో 2021 సర్వేలో హిజ్రా, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్లో హెచ్ఐవీ సుమారు 3.8 శాతం కనిపించింది, దేశంలో మొత్తం పెద్దవాళ్ళలో అది 0.2 శాతం దరిదాపుల్లో ఉంటుంది. తేడా పెద్దదే. కానీ ఆ సర్వే చేసింది రిస్క్ ఎక్కువున్నవాళ్ళ కోసం నడిపే కేంద్రాలకు వచ్చినవాళ్ళలో. షాపు పెట్టుకుని కుట్టుపని చేసుకునే మా అక్క లాంటివాళ్ళు ఆ లెక్కలోకి ఎక్కడొస్తారు? ఇచ్చిన ప్రతి బ్యాగుకూ హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు ఎలాగూ చేస్తారు. ఇన్ఫెక్షన్ సోకిన కొత్తలో పరీక్షకు దొరకని విండో పీరియడ్ ఉంటుంది, అసలు భయం అదే. వైరస్ జన్యు పదార్థాన్నే నేరుగా వెతికే నాట్ పరీక్ష దాన్ని బాగా తగ్గిస్తుంది గానీ మన దేశంలో అది తప్పనిసరి కాదు. ఆ విండో పీరియడ్ మగవాళ్ళకూ, ఆడవాళ్ళకూ, అందరికీ ఒకటే. గత నెలలో రిస్కు పని చేసి, "లేదు" గడిలో వేరేవాడు పెట్టిన టిక్కుల కింద సంతకం చేసి వెళ్ళిన మగాడి రక్తం మా పిన్నికి ఎక్కిస్తే, ఆ రూలు ఆమెను ఎలా కాపాడుతుంది?

బ్రిటన్లో 2021 జూన్ నుంచి డోనర్ ఎవరైనా సరే అవే ప్రశ్నలు: గత మూడు నెలల్లో కొత్త భాగస్వామి ఉన్నారా, ఎలాంటి సంబంధం, అని. అమెరికా 2023లో ఆ దారికే వచ్చింది. మన దగ్గర మణిపూర్‌కు చెందిన ట్రాన్స్‌జెండర్ హక్కుల కార్యకర్త సాంతా ఖురాయ్ ఈ నిబంధనల మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు, 2021లో కోర్టు నోటీసులిచ్చింది. 2025 మేలో ట్రాన్స్‌జెండర్లందరికీ రిస్కు ముద్ర వేసేస్తామా అని అడిగి, జాగ్రత్తలు తగ్గకుండానే ఈ వివక్షను ఎలా తీసేయొచ్చో నిపుణులతో మాట్లాడి చెప్పమంది.

రూలు మార్చడం ఈ బ్లడ్ బ్యాంకు చేతుల్లో లేదు, సరే. కానీ హాల్లో కేక వేయమని ఏ రూల్లోనూ లేదు. ఫారం నింపేటప్పుడు ప్రతి డోనర్‌నూ తలుపేసిన గదిలో కూర్చోబెట్టి, ప్రతి ప్రశ్నా తెలుగులో చదివి, జవాబు విని రాసుకోవాలి. దానికి కొత్త మిషన్ అక్కర్లేదు, ఆ కౌన్సిలర్ మేడమ్ లాంటి మనిషి ఇంకొకరుంటే చాలు. ప్రస్తుతం ఎవరెవరు ఇవ్వడానికి కుదరదో గేటు దగ్గరే బోర్డు పెడితే, సాయం చేద్దామని వచ్చినవాళ్ళు అంతమందిలో తలదించుకోవాల్సిన పని ఉండదు.

రెండో బ్యాగుకు మా ఆఫీసు కుర్రాడు వచ్చి ఇచ్చాడు. పిన్ని ఆపరేషన్ బాగా జరిగింది. సూది పనికీ శుభ్రతకూ ఐదుకు ఐదు, కౌన్సిలర్‌కు ఐదుకు ఐదు, ఫారం నింపించే తీరుకు ఒకటి. ఇవే మాటలు కాగితం మీద రాసి మేనేజరుకు ఇచ్చాను, చదివి ఫైల్లో పెట్టుకున్నారు. మళ్ళీ ఇవ్వడానికి నాకు మూడు నెలల గడువుంది. అప్పుడు అక్కడికే వెళ్తాను, నా ఫారం ఎవరు ఎలా నింపుతారో చూసి మళ్ళీ రాస్తాను.