మూడేళ్లకు పైగా వాడాక: స్క్రబ్బర్ మిషన్, గుమ్మం మ్యాట్లు

హన్మకొండ బస్టాండ్ దగ్గర్లో మాదో మూడంతస్తుల కాంప్లెక్సు. కింద షాపులు, పైన రక్తపరీక్షల ల్యాబు, ఆపైన కోచింగ్ సెంటర్. మెయింటెనెన్స్ నాది. 2022 వానల్లో ల్యాబుకొచ్చిన ఒక పెద్దాయన లిఫ్టు ముందు జారిపడ్డాడు, మణికట్టు విరిగింది. మాప్ పెట్టి ఐదు నిమిషాలు కాలేదు, నేల ఆరలేదు. తప్పు మాదే. ఆ నెలలోనే నేల కడిగే బ్యాటరీ స్క్రబ్బర్ మిషన్ కొన్నాం. జీఎస్టీతో రెండు లక్షలకు కాస్త తక్కువైంది.

నీళ్లు దిగుతాయి, కింద బ్రష్ తిరుగుతుంది, వెనకున్న రబ్బరు పట్టీ మురికినీళ్లను దగ్గరికి చేరిస్తే వాక్యూమ్ లాగేస్తుంది. మిషన్ వెనకాలే చెప్పుల్లేకుండా నడిచి చూశాను, పాదానికి చెమ్మ అంటలేదు. మాకు కావాల్సింది అదే. పాలిష్ గ్రానైటు మీద దుమ్ము కన్నా తడితోనే టెన్షన్.

మూలలకు, మెట్లకు మాత్రం గుడ్డే దిక్కు. ఇంకోటి, ఆ రబ్బరు పట్టీని తిప్పి నాలుగు అంచులూ వాడుకోవచ్చట. అమ్మినవాళ్లు చెప్పలేదు, రెండు పట్టీలు ఊరికే పారేశాం. అంచు అరిగితే వెనక సన్నటి నీటిగీత మిగులుతుంది. కంటికి ఆనదు, కాలికే తెలుస్తుంది. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ పోయడం మరిచి ఒక సెట్టు పోగొట్టుకున్నాం, అది నా నిర్లక్ష్యం.

ఫినాయిల్ దగ్గర ఏడాదంతా పంచాయితీ. "వాసన రాకపోతే కడిగినట్టెట్లయితది సారూ" అంటుంది ఊడ్చే అక్క. మోతాదు మించితే నేల మీద జిడ్డు పొర కడుతుంది, జారుడు ఇంకా ఎక్కువ. ఇప్పుడు నురగ తక్కువుండే న్యూట్రల్ లిక్విడ్ మూతతో కొలిచి పోస్తున్నాం. బాత్రూం యాసిడ్‌ను లాబీలోకి రానివ్వను. మెట్ల మార్బుల్‌ను తినేస్తుంది, పైగా బ్లీచింగ్‌తో కలిస్తే వచ్చేది క్లోరిన్ గ్యాసు.

మిషన్ ఓడిపోయింది ఒక్కసారే, 2024 మేడారం జాతరప్పుడు. మా మెట్ల పక్కనే బెల్లం అమ్మారు. రాలిన ముక్కలు చెప్పులకంటుకుని లిఫ్టు దాకా వచ్చాయి. బ్రష్ ఆ పాకాన్ని నేలంతా పూసిపెట్టింది. చివరికి వేడినీళ్లు, గుడ్డ, నలుగురం మోకాళ్ల మీద. అమ్మవార్లకు మొక్కే బెల్లాన్ని బంగారమంటారు కదా, తిట్టడానికి కూడా నోరు రాలేదు.

నిజం చెప్పాలంటే, పెట్టిన డబ్బుకు ఎక్కువ పనిచేసింది మ్యాట్లే. ముందు రెండడుగుల కొబ్బరిపీచు పట్టా ఉండేది, ఒక్క అడుగుతో దాటిపోయేవారు. ఇప్పుడు బయట గరుకుది, లోపల నీళ్లు పీల్చేది, కలిపి పన్నెండు అడుగులు. ఎర్రమట్టి అక్కడే ఆగిపోతోందని మిషన్ ట్యాంకులో మురికినీళ్ల రంగు చూస్తేనే తెలిసింది. కానీ జోరు వానలో లోపలి మ్యాటు మధ్యాహ్నానికే నానిపోతుంది, మార్చడానికి ఇంకోటి ఉండాల్సిందే. అంచు లేస్తే అదే కాలికి తట్టుకుంటుంది.

నేల తడిగా ఉందని పెట్టే పసుపురంగు బోర్డు ఇంగ్లిష్‌లో ఉన్నన్నాళ్లు ఎవరూ పట్టించుకోలేదు. దానిమీద "పైలం, జారుతది" అని పెయింట్‌తో రాయించాం. ఇప్పుడు జనం చూసి పక్క నుంచి పోతున్నారు, కోచింగ్ పిల్లలు తప్ప.