మిషన్‌లో లోపం లేదట, మరి నా బ్యాగులు ఎవరు కుడతారు?

పల్చటి బట్ట మీద ఈ మిషన్‌కి వంక పెట్టలేను. కొన్న కొత్తలో కనిపించిన వాళ్లందరికీ మెచ్చుకుంటూ చెప్పాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను, కాకపోతే అది లైనింగ్ క్లాత్ వరకే. నా కోపమంతా వేరే చోట ఉంది.

నేను కుట్టేది కాన్వాస్ బ్యాగులు. కొనేముందు అమ్మినాయనకి మెసేజ్ పెట్టాను: "పట్టీ అతికే చోట కాన్వాస్ నాలుగు పొరలు పడుతుంది, అది కుట్టగలిగే మిషన్ ఏదో మీరే చెప్పండి." "ఈ మోడల్ తీసుకోండి, నిశ్చింతగా కుట్టేస్తుంది" అని జవాబొచ్చింది. మొదట్లో చేతిలో ఉన్నవి లైనింగ్ పనులే కాబట్టి సంగతి బయటపడలేదు. బ్యాగుల ఆర్డర్ మొదలయ్యాక చూడాలి దీని సంబడం. పట్టీ దగ్గరికి రాగానే సూది ఒంగి, ప్లేట్‌కి తగిలి పుటుక్కున విరిగేది. 18 నంబర్ లావు సూది వేస్తే విరగడం తగ్గింది గానీ కుట్లు తప్పడం మొదలైంది, కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడేది. పట్టుబట్టి తొక్కితే మోటార్ నుంచి కాలిన వాసన.

మెకానిక్ విప్పి చూసి "మిషన్‌లో లోపమేమీ లేదండి" అన్నాడు. నిజమే, లేదు. అమ్మినాయన ఆ ముక్కే పట్టుకున్నాడు: లోపం లేదు కాబట్టి వారంటీ రాదు, ఇక మాట్లాడేదేమీ లేదు. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్‌లో 16వ సెక్షన్ ఈ గొడవ గురించే. ఏ పనికి కావాలో ముందే చెప్పి, అమ్మేవాళ్ల అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ సరుకు అమ్మడమే వాళ్ల వ్యాపారమైతే, ఆ పనికి అది పనికిరావాలన్నది రాసుకోకపోయినా షరతే. "ఫలానా కంపెనీ, ఫలానా మోడల్ ఇవ్వండి" అని పేరు పెట్టి కొనుంటే ఈ రక్షణ దక్కదని కూడా అక్కడే ఉంది. ఇంగ్లండ్‌లో 1939లో ఒకావిడ ట్వీడ్ కోటు వేసుకుంటే చర్మం పాడైందని కేసు వేసి ఓడిపోయింది. మామూలు చర్మాన్ని ఆ కోటు ఏమీ చేయదు, తనది సున్నితమైన చర్మమని ఆవిడ అమ్మేవాళ్లకి చెప్పలేదు. నా మెసేజ్ మాత్రం ఫోన్‌లో భద్రంగా ఉంది. సెక్షన్ నంబర్‌తో కలిపి దాన్ని పంపగానే అవతలి గొంతులో "అండీ" చేరింది.

అలాగని గెలిచేశానని అనను. "చాలాకాలం వాడుకున్నారు కదా" అని ఆయన మెలిక పెట్టాడు. అందులో కొంత న్యాయం ఉంది కూడా. తగిన సమయంలో వద్దని చెప్పకుండా ఉంచేసుకుంటే చట్టం దృష్టిలో సరుకు స్వీకరించినట్టే. అప్పుడు తిరిగిచ్చే హక్కు పోతుంది, నష్టపరిహారం ఒక్కటే మిగులుతుంది. బేరాలాడి చివరికి హెవీ డ్యూటీ మిషన్‌కి మార్చుకున్నాం, ధరలో తేడా చెరిసగం. విరిగిన సూదులు, చేజారిన ఆర్డర్ ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఇంట్లో జాకెట్లు, కర్టెన్లు కుట్టుకునేవాళ్లు ఈ మిషన్ కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. జీన్స్ అంచులు మడిచే పని ఉన్నవాళ్లు మాత్రం తమ గుడ్డముక్క పట్టుకెళ్లి అక్కడే కుట్టి చూసుకోండి. నాకు బ్యాగులే బతుకుతెరువు కాబట్టి నా దగ్గర దీనికి మార్కులు తక్కువే పడతాయి.