పాత నాస్‌కార్ ఇంజన్ మొత్తంగా కొనాలా, హెడ్స్ సెట్ చాలా? డ్రాగ్ కారుకు ఏది మేలు?

అమెరికాలో షార్లెట్, మూర్స్‌విల్ వైపు నాస్‌కార్ (స్టాక్ కార్ రేసుల) జట్లు వదిలించుకున్న ఎస్‌బీ2 (షెవీ, అంటే షెవర్లే స్మాల్ బ్లాక్ రేసు ఇంజన్) సరుకు చూసినవాళ్లంతా అడిగేది ఇదే: 358 క్యూబిక్ ఇంచీల ఇంజన్ ఉన్నదున్నట్టు కొని డ్రాగ్ కారులో (ఆగిన చోటి నుంచి కొద్ది దూరం నేరుగా దూసుకెళ్లే పందెం కారు) దించాలా, లేక హెడ్స్ (వాల్వులుండే పై భాగాలు) సెట్ ఒక్కటే తీసుకుని కింద షార్ట్ బ్లాక్ (బ్లాక్, క్రాంక్, రాడ్లు, పిస్టన్లు) కొత్తగా కట్టుకోవాలా?

నా లెక్కలో దీన్ని తేల్చేది కారు బరువు. 4.185 అంగుళాల బోరు (సిలిండర్ వెడల్పు), 3.25 స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న ఈ ఇంజన్‌ని గంటల తరబడి 7,000 - 9,000 ఆర్‌పీఎం మధ్య తిరగడానికి కట్టారు. ఆగి ఉన్న కారును ఒక్క ఊపున లేపడం దాని పని కాదు. 1,800 పౌండ్ల డ్రాగ్‌స్టర్‌లో 6,500 ఆర్‌పీఎం దగ్గర పట్టే టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించేది) వేస్తే ఈ లోటు తెలియదు. 3,200 పౌండ్ల డోర్ కారులో (తలుపులున్న మామూలు కారు రూపంలోని డ్రాగ్ కారు) మాత్రం మొదటి 60 అడుగుల్లోనే బయటపడుతుంది. అదే బోరుకు 3.75 స్ట్రోకు క్రాంక్ వేస్తే 412 క్యూబిక్ ఇంచీలు అవుతుంది. బరువు కారుకు కావాల్సిన టార్కు అక్కడ దొరుకుతుంది.

అందుకే డోర్ కారుకైతే నేను హెడ్స్ సెట్ వైపే. పాత రాడ్లు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపేవి) కూడా వాడేద్దామని ఆశపడకండి. 9.025 అంగుళాల డెక్ (క్రాంక్ మధ్య నుంచి బ్లాక్ పైతలం దాకా ఎత్తు) ఉన్న బ్లాక్‌లో 3.75 స్ట్రోకుకు 6.2 అంగుళాల రాడ్ పెడితే పిస్టన్‌లో గజన్ పిన్ (రాడ్‌ను పిస్టన్‌కు బిగించేది) మధ్య నుంచి పైకి మిగిలేది 0.950 అంగుళమే, పిన్ రంధ్రం ఆయిల్ రింగు గాడిలోకి వచ్చేస్తుంది. 6.0 రాడ్‌తో 1.150 దొరుకుతుంది. నైట్రస్ (అదనపు శక్తి కోసం ఇంజన్‌లోకి వదిలే వాయువు) ఆలోచన ఉంటే ఇంకో మాట. మామూలు స్మాల్ బ్లాక్ పిన్ 0.927 అంగుళం, ఈ రేసు పిస్టన్లలో 0.787 పిన్నులు కూడా కనిపిస్తాయి. తేలికదనం కోసం పెట్టినవి, నైట్రస్ దెబ్బకు తట్టుకునేవి కావు. కొత్త క్రాంక్ బిగించాక రాడ్ బోల్టుకీ కామ్‌కీ (వాల్వులను తెరిచే షాఫ్టు), రాడ్‌కీ బ్లాక్ అంచుకీ మధ్య కనీసం 0.060 అంగుళం ఖాళీ ఉందో లేదో చేత్తో తిప్పి చూడండి. బ్లాక్ పాతదైతే సిలిండర్ గోడల మందం సోనిక్ టెస్టర్‌తో (ధ్వని తరంగాలతో మందం కొలిచే పరికరం) కొలిపించకుండా డబ్బు ఇవ్వొద్దు.

హెడ్స్ కొంటే ఇన్‌టేక్, రాకర్లు, కామ్, హెడర్లు అన్నీ కలిపే కొనండి. ఎస్‌బీ2లో వాల్వుల వరుసే వేరు, మామూలు స్మాల్ బ్లాక్ కామ్ పనికిరాదు. పిస్టన్ల వాల్వ్ పాకెట్లు కూడా దానికి తగ్గట్టే చేయించాలి. విడివిడిగా వెతికి కొంటే చవక బేరం కాస్తా ఎగిరిపోతుంది. వాల్వ్ స్ప్రింగులు ఎంత బాగున్నట్టు కనిపించినా పారేయండి. టైటానియం వాల్వులకు గ్రైండింగ్ పేస్టు రాసి రుద్దొద్దు, పైపూత పోతే సీటు దగ్గర త్వరగా అరిగిపోతాయి. అన్నిటికంటే ముందు ఆ హెడ్స్ డేటోనా, టల్లడేగా ట్రాకుల కోసం చేసినవా అని అడగండి. రిస్ట్రిక్టర్ ప్లేటు (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని తగ్గించే పలక) కింద తక్కువ గాలికి చేసిన పోర్టులు 412కి చాలవు.

మొత్తం ఇంజనే తీసుకునేవాళ్లు డ్రై సంప్ (ఆయిల్‌ను ఇంజన్ బయట ట్యాంకులో ఉంచే ఏర్పాటు) పంపు, ట్యాంకు, లైన్లు బేరంలో కలపమనండి. కొన్ని బ్లాకుల్లో మామూలు ఆయిల్ పంపు బిగించే ఏర్పాటే ఉండదు. రాడ్ బోల్టులు మార్చండి, క్రాంక్, రాడ్లు మాగ్నాఫ్లక్స్ (అయస్కాంతంతో పగుళ్ల పరీక్ష) చేయించండి.

షెవీ పాత 18 డిగ్రీల (వాల్వుల వాలు) హెడ్స్ మామూలు వాల్వ్ వరుసతోనే వస్తాయి, చిన్న బడ్జెట్‌కు పర్వాలేదు. 2007లో వచ్చిన ఆర్07 (ఎస్‌బీ2 తర్వాతి షెవీ నాస్‌కార్ ఇంజన్) జోలికి పోకండి. బోర్ల మధ్య దూరమే 4.500 అంగుళాలు, స్మాల్ బ్లాక్‌లో అది 4.400. ఒకదాని హెడ్స్ ఇంకోదానిపై కూర్చోవు.