ఐదేళ్ల తర్వాత తీసిన పాత పట్టిక

మా అమ్మాయిని ఆరో తరగతిలో చేర్చేముందు నేనొక పట్టిక గీశాను. మూడు బడులు, పది అంశాలు, ఒక్కో అంశానికి పదేసి మార్కులు. లెక్కలు చూసే ఉద్యోగం నాది. ఏ నిర్ణయమైనా గళ్లలో ఇమిడితే తప్ప మనసు కుదుటపడదు. మొదటి బడికి 81 వచ్చాయి, రెండోదానికి 74, ఇంటికి దగ్గరలో ఉన్న మూడోదానికి 66. సహజంగానే 81 వచ్చిన దాంట్లో చేర్చాం. అమ్మాయి అక్కడే ఐదేళ్లు చదివి, ఈమధ్యే పదో తరగతి ముగించింది. వచ్చే ఏడాది మా అబ్బాయి వంతు. అందుకని పాత పట్టిక బయటికి తీశాను. ఇది ఆ బడి మీద సమీక్షే అయినా, సగానికి పైగా నా పట్టిక మీద సమీక్ష.

బడి చెడ్డదేమీ కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చేర్చేటప్పుడు నేను చూడవలసినవి చూడలేదు, అంతే.

పట్టికలో అన్నిటికంటే పైన రాసుకున్నది ఫలితాలు. పదికి పది వేశాను. గేటు పక్కన ఫొటోల బోర్డు, దాని కింద నూటికి నూరు శాతం ఉత్తీర్ణత అని పెద్ద అక్షరాలు. ఆరులో ఎంతమంది చేరారు, పదిలో ఎంతమంది పరీక్ష రాశారు అని మాత్రం అడగలేదు. మా అమ్మాయి సెక్షన్‌లో ఆరో తరగతిలో 42 మంది ఉండేవారు. చివరికి పరీక్ష రాసింది 33 మంది. తగ్గిన తొమ్మిదిమందిలో ఇద్దరి తల్లిదండ్రులకు బదిలీ అయింది. మిగిలిన ఏడుగురి ఇళ్లకు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో బడి నుంచి పిలుపు వెళ్లింది. ‘మీవాడికి ఇక్కడి చదువు భారమవుతోందేమో, ఆలోచించండి’ అని ఎంతో మర్యాదగా, వాడి మీద జాలితోనే అన్నట్టు చెప్పి సాగనంపారు. హారం తగ్గిస్తే శాతం పెరుగుతుందని లెక్కలు చూసేవాడికి ఇంకొకరు చెప్పాలా? నాకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది.

ఇంగ్లాండులో 2016 నుంచి ‘ప్రోగ్రెస్ 8’ అనే కొలత వాడారు. ప్రాథమిక బడి ముగిసేనాటికి ఒకే స్థాయిలో ఉన్న పిల్లలు పదహారేళ్లకు ఎంత దూరం వచ్చారో చూసి బడికి మార్కులు వేస్తుంది. చురుకైన పిల్లలను ఏరి చేర్చుకున్నంత మాత్రాన అందులో పేరు రాదు. వెనకబడిన పిల్లలను చివరి పరీక్షకు ముందే వదిలించుకునే బడుల గొడవ అక్కడా ఉందనుకోండి. అలాంటి కొలత దొరకని చోట తల్లిదండ్రులు చేయగలిగినది ఒకటుంది. ఆ బడిలో మామూలు మార్కులతో చేరిన పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడటం. నేను మాట్లాడింది బోర్డు మీద ఫొటో ఉన్న ఇద్దరి తల్లిదండ్రులతో. ఆ పిల్లలు చెట్టు కింద కూర్చోబెట్టినా చదివేవాళ్లు.

భవనం, ఆటస్థలం, ల్యాబుకు కలిపి ఇరవైతొమ్మిది మార్కులు వేశాను. ఆటస్థలం నిజంగానే బాగుంది, పిల్లలు దాన్ని వాడుకున్నారు కూడా. ల్యాబు మాత్రం చూపించడానికే ఉంది. తళతళలాడే గాజు పరికరాలు చూసి మురిసిపోయాను గాని, సింకు మీద ఒక్క మరక కూడా లేదేమని అనుమానం రాలేదు. ఐదేళ్లలో మా అమ్మాయి స్వయంగా చేసిన ప్రయోగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రికార్డు పుస్తకం మాత్రం బోర్డు మీద చూసి నిండుగా రాసింది. లైబ్రరీకి వెళ్లినప్పుడు కూడా బీరువాలను లెక్కపెట్టడం మాని, ఏదైనా పుస్తకం తీసి వెనక అట్ట లోపల తేదీలు చూడవలసింది. చివరిసారి ఎవరో ఇంటికి తీసుకువెళ్లి ఎన్నాళ్లయిందో ఆ చీటీయే చెబుతుంది.

దూరానికి ఆరు మార్కులు వేసి, పక్కన ‘బస్సు ఉంది’ అని రాసుకున్నాను. ఆ రెండు మాటల మీద నాకు ఇప్పటికీ కోపం. పొద్దున 50 నిమిషాలు, సాయంత్రం 50 నిమిషాలు. ఏడాదికి 210 రోజులు అనుకుంటే 350 గంటలు. ఐదేళ్లకు 1,750 గంటలు మా అమ్మాయి ఒక కిటికీ పక్కన గడిపింది. అవి నిద్రలోంచి పోయిన గంటలు. కౌమారంలో శరీరపు గడియారమే వెనక్కి జరుగుతుంది. నిద్ర తెప్పించే మెలటొనిన్ రాత్రి ఆలస్యంగా గాని పెరగదు. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నిద్ర వైద్యుల అకాడమీ 2016లో చెప్పింది. ఈ వయసు పిల్లల బడులు ఉదయం 8.30కు ముందు మొదలుకాకూడదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2014లోనే సిఫారసు చేసింది. మా అమ్మాయి ఐదున్నరకు లేచేది. రాత్రి పదకొండైనా నిద్ర పట్టేది కాదు. అది బద్ధకమనుకుని ఎనిమిదో తరగతి పొడవునా మందలించిన ఘనుణ్ణి నేనే.

ఇక ఉపాధ్యాయులు. పట్టికలో ‘అర్హతలు’ అనే గడి ఉంది, తొమ్మిది వేశాను. వాళ్లు ఎన్నేళ్లుగా అక్కడ ఉంటున్నారో అడిగే గడి లేదు. తొమ్మిదో తరగతిలో భౌతికశాస్త్రం చెప్పడానికి ఒకే ఏడాదిలో ముగ్గురు మారారు. మొదటివారు కాంతితో మొదలుపెట్టారు, రెండోవారు మళ్లీ కాంతితోనే మొదలుపెట్టారు. మూడోవారు వచ్చేసరికి పిల్లలకు కాంతి తప్ప మిగతాదంతా చీకటే.

లెక్కల సారు సంగతి వేరు. ఆయన ఆ బడిలో పన్నెండేళ్లుగా ఉన్నారు. దిద్దిన నోటు పుస్తకాలలోంచి ఒక తప్పు లెక్కను, ఎవరిదో చెప్పకుండా, బోర్డు మీద యథాతథంగా వేసేవారు. దారి ఎక్కడ తప్పిందో తరగతి అంతా కలిసి వెతకాలి. తప్పు దొరికిన తర్వాత, ‘ఇలా ఆలోచించడంలో కూడా ఒక న్యాయం ఉంది, చూడండి’ అని ఆ పిల్లవాడు ఏమనుకుని ఉంటాడో విడమరచి చెప్పేవారట. ఒకరోజు అమ్మాయి ఇంటికి వచ్చి, ‘నాన్నా, ఇవాళ బోర్డు మీద వేసింది నా లెక్కే!’ అని సంబరంగా చెప్పింది. తప్పు చేసినందుకు సంబరపడటం మా ఇంట్లో అదే మొదటిసారి. ఈ సారును చూసి నేను బడిని ఎంచుకోలేదు, ఆయన ఉన్నారని కూడా నాకు తెలియదు. ఆరో తరగతికి ముందు ఎవరివైనా నాలుగు దిద్దిన నోటు పుస్తకాలు చూపించమని అడిగి ఉంటే తెలిసేది. సైన్సు నోటులో వరసగా ఎర్ర టిక్కులే. ఆయన నోటులో మాత్రం ప్రతి పేజీలోనూ ఒక వాక్యం ఉంటుంది.

వారం వారం పరీక్షలు పెడతారని అప్పట్లో మా ఆవిడ వద్దంది. ఈ ఒక్క విషయంలో నా మార్కులు సగం నిలబడ్డాయి. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత మెరుగ్గా చెప్పగలిగారు. చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు వారం తర్వాత మెరుగ్గా చెప్పగలిగారు. మా అమ్మాయిలోనూ అది కనిపించింది, చిన్న పరీక్షలు ఉన్న పాఠాలు ఆమెకు ఇప్పటికీ గుర్తున్నాయి. చెడగొట్టింది పరీక్ష తర్వాతి పని: ప్రతి సోమవారం ర్యాంకుల జాబితా తలుపుకు అంటించేవారు. ఆదివారం సాయంత్రమే అమ్మాయికి కడుపునొప్పి మొదలయ్యేది. తల్లిదండ్రుల సమావేశంలో అడిగితే, ‘పోటీతత్వం ఉండాలి కదండీ’ అన్నారు. ముప్పైరెండో ర్యాంకు వచ్చిన పిల్లవాడు ఎవరితో పోటీపడుతున్నాడో నాకు అర్థం కాలేదు.

ఏడో తరగతిలో బస్సులో ఇద్దరు పెద్ద పిల్లలు ఆమెను రెండు నెలలు ఏడిపించారు. మాకు చెప్పలేదు. కనిపెట్టింది బస్సులో ఉండే ఆయా. ఆమె చొరవ తీసుకుని అమ్మాయిని తన పక్కన కూర్చోబెట్టుకుంది, ఆ తర్వాత మాకు ఫోను చేసింది. బడి వాళ్లు సీటు మార్చామని చెప్పారు. ఆ పని అప్పటికే అయిపోయిందని వాళ్లకు తెలియదు.

పట్టికలో ఎక్కడా లేని విషయం ఇంకొకటి ఉంది. అమ్మాయి నీళ్ల సీసా పొద్దున నింపినట్టే సాయంత్రం తిరిగి వచ్చేది. ఎండాకాలంలో కూడా. మరిచిపోయానని చెప్పేది, మేమూ నమ్మాం. ఒకసారి మూత్రంలో ఇన్ఫెక్షను వచ్చి జ్వరం తగిలాక, డాక్టరు అడిగితే అసలు సంగతి చెప్పింది. బడిలో మరుగుదొడ్ల తలుపులకు గడియలు లేవు. ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు బయట తలుపు పట్టుకోవాలి. అందుకని చాలామంది అమ్మాయిలు పొద్దుటి నుంచి నీళ్లు తాగడమే మానేశారు. చేర్చేముందు నాకు బడి అంతా తిప్పి చూపించారు. ఆఫీసు పక్కనున్న శుభ్రమైన మరుగుదొడ్డి చూసి శుభ్రతకు తొమ్మిది వేశాను. అది అతిథుల కోసమని తట్టలేదు. మేము నలుగురైదుగురు తల్లిదండ్రులం కలిసి రాసి ఇచ్చాక గడియలు పెట్టించారు, దానికి ఒక టర్ము పట్టింది. మూడు నెలల్లో సగం ఊడిపోయాయి.

తొమ్మిదిలో బడి మార్చాలని గట్టిగా అనుకున్నాం. అమ్మాయి ఒప్పుకోలేదు. ఇద్దరు స్నేహితురాళ్లు, లెక్కల సారు, ఇంతే ఆమె వాదన. ఆ రెండింటికీ నా పట్టికలో గడి లేదు కాబట్టి నేను ఎదురు వాదించలేకపోయాను. చదువు బాగానే ముగిసింది, నలుగురిలో నిలబడి మాట్లాడటం వచ్చింది, లెక్కలంటే భయం పోయింది. ఇప్పుడు పదికి ఎన్ని ఇస్తావంటే ఆరు ఇస్తాను. అందులో రెండు ఆ సారువి, ఒకటి ఆయాది.

అబ్బాయి వేరే రకం. దేన్నైనా విప్పి చూస్తేగాని ఊరుకోడు, నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం కళ్లలో నీళ్లు తిరుగుతాయి. వాడికి కొత్త పట్టిక గీశాను. నాలుగే వరుసలు: నడిచి వెళ్లగలడా, ఐదేళ్లు దాటిన ఉపాధ్యాయులు ఎందరు, దిద్దిన నోటు పుస్తకాల్లో ఏముంది, ల్యాబు సింకు ఎలా ఉంది. అప్పట్లో 66 మార్కులు వచ్చిన దగ్గరి బడికి ఈసారి మొదట వెళ్లాలనుకున్నాం. బయలుదేరేముందు చూస్తే పట్టికలో అయిదో వరుస ఉంది, అమ్మాయి చేతిరాతలో: ‘నీళ్ల సీసా’.

మధ్యాహ్నం విరామం తర్వాత వెళ్లాను. ఆఫీసు గదిలో కూర్చోమన్నారు. పిల్లలు వాడే మరుగుదొడ్లు ముందు చూస్తానన్నాను. ప్రధానోపాధ్యాయురాలు ఒక క్షణం నా ముఖంలోకి చూసి, లేచి తానే దారి చూపించారు. గోడలకు రంగు వెలిసిపోయింది, ఒక కుళాయి కారుతోంది. తలుపులన్నిటికీ గడియలు ఉన్నాయి.