ఆరేళ్లు వాడిన 936 స్టేషన్: నాబ్ మీద 350, ప్యాడ్ దగ్గర చల్లన

2019లో హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో 936 తరహా సోల్డరింగ్ స్టేషన్ కొన్నాను. సర్క్యూట్ బోర్డు మీద భాగాలను లోహం కరిగించి అతికించే పరికరం ఇది, జపాన్ కంపెనీ హాకో వాళ్ల పాత 936ని చూసి తయారుచేసే రకం. ఇలాంటివి ఎన్నో పేర్లతో దొరుకుతాయి కాబట్టి నాది ఏ కంపెనీదో చెప్పను. ఖమ్మంలో మాది ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు బాగుచేసే షాపు. ఆరేళ్లుగా ఇది దాదాపు రోజూ ఆన్‌లోనే ఉంటోంది.

అంతకు ముందు నేరుగా ప్లగ్‌లో పెట్టే 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ వాడేవాణ్ని. ఎండాకాలం సాయంత్రాలు మా వీధిలో వోల్టేజ్ 180కి దిగిపోయేది. 230 రావాల్సిన చోట 180 వస్తే 25 వాట్ల ఐరన్ 15 వాట్ల పనే చేస్తుంది. స్టేషన్‌లో అయితే వేడిని కొలిచే సెన్సర్ ఉంది, వోల్టేజ్ కొంచెం పడినా ఇంకాస్త ఎక్కువసేపు కరెంట్ తీసుకుని వేడిని నిలబెడుతుంది. మొదటి ఏడాది హాయిగా గడిచింది.

రెండో ఏడాది మొదలైంది అసలు బాధ. ఒక ఇన్వర్టర్ బోర్డులో మాస్‌ఫెట్ (కరెంట్‌ను స్విచ్‌లా ఆన్, ఆఫ్ చేసే భాగం) మార్చి, సోర్స్ అనే దాని కాలు అతికిస్తున్నాను. వేడి పెంచి తగ్గించే నాబ్ 350 డిగ్రీల మీద ఉంది. లెడ్ (సోల్డర్‌ను మేం ఇలాగే అంటాం) తీగ తాకించగానే కరిగింది గానీ ముత్యంలా గుండ్రంగా బిట్‌కే, అంటే ఐరన్ మొనకే, వేలాడింది. కాలు అతికే రాగి చోటు, అంటే ప్యాడ్ మీదికి జారలేదు. రెండోసారి పెడితే కాలు చుట్టూ బూడిద రంగులో, గరుకుగా గడ్డ కట్టింది. సరిగ్గా అతకని డ్రై సోల్డర్ అని చూడగానే తెలిసిపోతోంది. నాబ్ 400కి తిప్పాను, తర్వాత 440కి. ఇంకొంచెం ఒత్తాను. ప్యాడ్ దాన్ని కలిపే రాగి గీత (ట్రాక్)తో సహా లేచి వచ్చింది. కస్టమర్ నమ్మి ఇచ్చిన బోర్డు అది. తెగిన చోట వైరు ముక్కతో జంపర్ వేసి నడిపించాను గానీ ఆ రాత్రంతా టెన్షనే.

నేను వాడే 63/37 లెడ్ (63 వంతులు తగరం, 37 వంతులు సీసం) 183 డిగ్రీలకే కరుగుతుంది. నాబ్ 440 మీద ఉన్నా ప్యాడ్ దగ్గర ఆ వేడి కూడా రాలేదంటే అది మధ్యలో ఎక్కడో ఆగిపోతోందన్నమాట. మర్నాడు బిట్ కొస మీద చిన్న లెడ్ చుక్క పెట్టి, మల్టీమీటర్‌కు తగిలించే థర్మోకపుల్‌ను (వేడి కొలిచే తీగ) అందులో ముంచి చూశాను. స్టేషన్ 350 అంటోంది, కొస మాత్రం 285 దగ్గర ఉంది.

ఈ రకం స్టేషన్‌లో సెన్సర్ బిట్‌లో ఉండదు, లోపలి సిరామిక్ హీటర్‌లో ఉంటుంది. బిట్ దాని మీద తొడిగిన తొడుగు మాత్రమే. మధ్యలో ఖాళీ ఉన్నా మసి ఉన్నా హీటర్ తన వేడి చూసుకుని సరిపోయిందనుకుంటుంది, కొస చల్లగానే మిగిలిపోతుంది. చల్లారాక విప్పి చూస్తే బిట్ లోపల నల్లటి పెచ్చు కట్టి ఉంది. నట్టు కూడా వదులైంది, వేడెక్కడం చల్లారడం వల్ల అది మెల్లగా సడలుతుంది. పెచ్చు రాల్చి, నట్టు చేత్తోనే బిగిస్తే 320 చూపించింది. స్టేషన్‌తో వచ్చిన బిట్ రంధ్రమే కాస్త వెడల్పని తర్వాత అర్థమైంది. హీటర్‌కు అతుక్కుని కూర్చునే మంచి బిట్ వేశాక 340 దాకా వచ్చింది. మధ్యలో ఒకసారి ఖాళీలో పల్చటి రాగి రేకు చుట్టి చూశాను. కొన్నాళ్లు బాగానే పనిచేసింది, తర్వాత బిట్ బిగుసుకుపోయి, లాగబోతే హీటర్ పుటుక్కున విరిగింది. ఆ పని చేయకండి.

బిట్ ఆకారం గురించి కూడా చెప్పాలి. స్టేషన్‌తో సూదిలాంటి బిట్ ఇస్తారు, కొత్తవాళ్లు దాన్నే వాడుతూ తిప్పలు పడతారు. సూది కొస ప్యాడ్‌ను ఒక్క చుక్కంత చోటే తాకుతుంది. చపాతీని పెనం మీద వేయకుండా గరిటె కొసతో కాల్చబోయినట్టు ఉంటుంది. నా పనిలో ముప్పాతిక వంతు 2.4 మిల్లీమీటర్ల చదును బిట్‌తోనే అయిపోతుంది. దాని అంచు కాలికీ ప్యాడ్‌కూ ఒకేసారి తగలాలి. ముందు బిట్ మీద రవ్వంత లెడ్ పెట్టుకుంటే ఆ తడి ద్వారానే వేడి దిగుతుంది, పొడి బిట్‌తో ఎంత ఒత్తినా దిగదు. నల్లబడ్డ బిట్‌ను ఆకురాయితో గీకొద్దు. పైనున్న ఇనుప పూత పోతే లోపలి రాగిని లెడ్ తినేస్తుంది. నేను ఇత్తడి పీచులో తుడుస్తాను, ఆఫ్ చేసే ముందు కొస నిండా లెడ్ పట్టించి వదిలేస్తాను. అప్పటి నుంచి ఒక్కో బిట్ ఏడాది దాటి వస్తోంది.

సీసం లేని సోల్డర్‌తో చేసిన కొత్త బోర్డుల మీద అది 217 డిగ్రీలు దాటితే గానీ కరగదు. వాటి మీద ముందు ఫ్లక్స్ (సోల్డర్ బాగా పరుచుకునేలా చేసే పేస్టు) రాసి, మన 63/37 కొంచెం కలిపితే తొందరగా లొంగుతాయి.

దీని శక్తికి హద్దుంది. నెగెటివ్ లైన్ కోసం బోర్డంతా రాగి పరిచిన చోట బిట్‌లోని వేడిని ఆ రాగి క్షణాల్లో గుంజేసుకుంటుంది. అక్కడ వేడి గాలి ఊదే హాట్ ఎయిర్ గన్‌తో కింది నుంచి బోర్డును గోరువెచ్చగా చేసి, వెడల్పు బిట్‌తో పెడతాను. బ్యాటరీ కేబుల్ కొసన ఉండే లోహపు లగ్గులు అతికించడం దీనితో కాదు, వాటికి 100 వాట్ల ఐరన్ విడిగా ఉంచుకున్నాను. రెండేళ్ల క్రితం టీ12 రకం స్టేషన్ కూడా తెచ్చాను. అందులో హీటర్, సెన్సర్, కొస ఒకే ముక్క కాబట్టి ఈ ఖాళీ గొడవే లేదు, వేడి కూడా చాలా త్వరగా ఎక్కుతుంది. బిట్ ఖరీదే ఎక్కువ.

ఇప్పుడు కొనేవాళ్లకు చేతిలో డబ్బు ఉంటే టీ12 తీసుకోమంటాను. లేకపోతే 936 కూడా మంచిదే, కానీ కొట్లోనే హ్యాండిల్ విప్పించి, బిట్‌ను హీటర్ మీద తొడిగి ఊపి చూడండి. గలగలలాడితే ఇంకో బిట్ అడగండి. నా స్టేషన్‌కు ఇప్పటిదాకా రెండు హీటర్లు, ఒక కేబుల్ మార్చాను. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం కొన్నప్పటిదే.